ఇరవయ్యో ఎపిసోడ్

కొరియా సీరియళ్ళు చూపించే దల్బిత్ టీవీ మూతబడిందన్న సంగతి సాగరమాల అపార్ట్‌మెంట్స్‌లో మొదట మైథిలికి తెలిసింది. ఆదివారం పొద్దున్న పదిన్నరకి పిల్లల్ని ట్యూషన్‌కి తోలేసి, భర్తని చేపల బజారుకి పంపి, హాల్లో చాప పరిచి, తలుపు దగ్గరగా వేసి టీవీ పెట్టింది. రోజూ వచ్చే నీలం చందమామ గుర్తు రాలేదు. తెల్లటి తెర మీద రెండు ముక్కలు కనిపించాయి: ఇన్నేళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలు, ఇక సెలవు.

ఆవిడ పెట్టిన కేకకి పై అంతస్తు నుంచి నీలవేణి, కింది అంతస్తు నుంచి నరసమ్మ టీచరుగారు ఒకేసారి వచ్చిపడ్డారు. ఎవరో పోయారనుకున్నారు. తెర చూశాక, పోయిన మాట నిజమేనని కూర్చుండిపోయారు.

"ముందే చెప్పొద్దటమ్మా! అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించడానికైనా నెల గడువిస్తారే!" అంది టీచరుగారు.

చెప్పారు. నెల కిందటే మెయిల్ పంపారు. అది మైథిలి ఫోన్‌లో, మీకు లాటరీ తగిలిందన్న మెయిళ్ళ మధ్య, తెరవకుండా భద్రంగా ఉంది. శనివారం అర్ధరాత్రితో కట్టేస్తున్నాం, చూడవలసినవి ఏమైనా ఉంటే ఈలోగా చూసేసుకోండి అని అందులో ఎంతో మర్యాదగా రాశారు.

దల్బిత్ అంటే కొరియా భాషలో వెన్నెలట. మూడేళ్ళుగా ఈ ఆడవాళ్ళు ఆ వెన్నెల్లోనే బతికారు. అరవై ఎనిమిదేళ్ళ నరసమ్మగారు ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. మైథిలి సహకార బ్యాంకులో క్లర్కు. నలభై ఆరేళ్ళ నీలవేణి ఎండాడ కొండ మీద స్మృతి పరిశోధన కేంద్రంలో టెక్నీషియన్. ఆమె భర్త సరుకు ఓడల మీద ఇంజనీరు, ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ళ మీదే ఉంటాడు. వీళ్ళతోపాటు నాలుగో ఆవిడ ఒకరున్నారు, కాంతామణి. పోర్టు ఆఫీసులో గుమస్తాగా చేసి, పెళ్ళీ పెటాకులూ లేకుండా అరవైకి చేరువైన మనిషి. ఆవిడైతే నోటుబుక్కు కొని కొరియా అక్షరాలు కూడా దిద్దింది.

అప్పటికి వాళ్ళు చూస్తున్నది 'ఉప్పుగాలి వీధి' అనే సీరియల్. ఒక రేవు పట్నంలో వలలు అల్లే పిల్ల యోన్ హీ. ఆమెని ప్రేమించి, ఓడెక్కి పోయి, ఏడేళ్ళకి తిరిగొచ్చిన డాక్టరు తే సాన్. ఆ ఏడేళ్ళూ రోజూ తెల్లారగానే ఆమె గుమ్మంలో వేడి రొట్టె పెట్టి, పల్లెత్తు మాట లేకుండా వెళ్ళిపోయిన రొట్టెలవాడు గ్యు వోన్. పంతొమ్మిది ఎపిసోడ్లు అయ్యాయి. ఆఖరిదైన ఇరవయ్యోదాంట్లో యోన్ హీ రేవుగట్టు మీదికెళ్ళి ఇద్దరిలో ఒకరికి సరే అనాలి.

పంతొమ్మిదోది చూసిన రోజునే గొడవ జరిగింది. నీలవేణి డాక్టరు పక్షం. కాంతామణి రొట్టెలవాడి పక్షం.

"ఏడేళ్ళు కూచోడానికి దానికేమైనా పిచ్చా? ఓడెక్కినవాడు ఓడకే మొగుడు. ఇంటికి కాదు" అంది కాంతామణి.

ఆవిడ యోన్ హీని అన్నది. తగిలింది నీలవేణికి. చివాల్న లేచి వెళ్ళిపోయింది.

ఆఖరి ఎపిసోడ్ మా ఇంట్లో చూద్దాం రండి, శనివారం సాయంత్రం ఆరింటికి, అని కాంతామణి గ్రూపులో మెసేజ్ పెట్టింది. అందరూ వస్తామన్నారు. నీలవేణి కూడా వస్తానంది. అన్నాక, మిగతా ఇద్దర్నీ పక్కకి పిలిచి, ఎవరూ వెళ్ళొద్దనీ, ఒకసారి ఆవిడకి తెలిసిరావాలనీ, ఆదివారం మైథిలి ఇంట్లో చూసుకుందామనీ ఒప్పించింది. ముగ్గురూ వెళ్ళలేదు. తెల్లారేసరికి చూసుకోవడానికి ఏమీ మిగల్లేదు. ప్రపంచంలో వాళ్ళకి తెలిసినవాళ్ళలో ఇరవయ్యో ఎపిసోడ్ చూసింది ఒక్క కాంతామణే.

నీలవేణికి మాత్రమే తెలిసిన సంగతి ఇంకొకటుంది. ఆ శనివారం ఆరున్నరకి ఆమె మైథిలి కోసం ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. చూసుకుంటే అది పోయింది గ్రూపులోకి. రెండు నిమిషాల్లో తుడిచేసింది. కాంతామణి ఆలోపు విన్నదో లేదో ఆమెకి తెలీదు. అడిగే ధైర్యం లేదు.

*

తర్వాతి ఐదు నెలలూ కష్టంగా గడిచాయి. నరసమ్మగారు అలవాటు మానలేక వాచ్‌మన్‌కి కొరియావాళ్ళలా నడుం వంచి దణ్ణం పెట్టేది. అతను కంగారుపడి తిరిగి కాళ్ళకి దణ్ణం పెట్టేవాడు. మైథిలి కుక్కరు కూత వేస్తే అయ్యోకి బదులు "ఐగూ" అనేది. పోనీ మన సీరియల్సే చూద్దామని ఒకటి మొదలుపెట్టారు. అందులో అత్తగారు మూడు నెలలైనా ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరవలేదు. వీళ్ళకి తెరిచి ఉంచడం కష్టమైంది.

'ఉప్పుగాలి వీధి' మరెక్కడా దొరకలేదు. హక్కుల గురించి తీసినవాళ్ళూ అమ్మినవాళ్ళూ కోర్టుకెక్కారట, ఉన్న కాపీలన్నీ తాళాల వెనక పడ్డాయట. ఇంటర్నెట్‌లో వెతికితే కంప్యూటర్లు కల్పించిన ముగింపులు ముప్పై ఆరు దొరికాయి. ఒకదాంట్లో డాక్టరు చనిపోతాడు. ఒకదాంట్లో రొట్టెలవాడు డాక్టరుకి తమ్ముడని తేలుతుంది. ఇంకోదాంట్లో యోన్ హీ సన్యాసం పుచ్చుకుంటుంది. ఏది నిజమో చెప్పగలిగిన మనిషి వాళ్ళ మేడలోనే, రెండో అంతస్తులో, తలెత్తుకుని తిరుగుతోంది.

"చూశాను. చెప్పను" అనేది కాంతామణి మెట్ల మీద ఎదురైతే. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. నరసమ్మగారు ఒకసారి డబ్బాడు చేగోడీలు తీసుకెళ్ళింది. కాంతామణి అన్నీ తిని, డబ్బా కడిగి ఇచ్చి, "చెప్పను" అంది.

*

నీలవేణి పనిచేసే కేంద్రానికి పెద్ద డాక్టర్ పట్నాయక్. యాభై దాటిన బ్రహ్మచారి, మధ్యాహ్నం బిస్కెట్లు తిని బతికే మనిషి. ఆరేళ్ళుగా ఆయన ఒక యంత్రం తయారుచేస్తున్నాడు. దాని పేరు పునర్దర్శని. బ్యూటీ పార్లర్‌లో జుట్టు ఆరబెట్టే టోపీలాంటిదాన్ని తలకి తగిలించి, ఎప్పుడో చూసినదాన్ని గుర్తుచేసుకోమంటే, ఆ గుర్తుకొచ్చినదాన్ని బొమ్మగా తెర మీదికి, శబ్దంగా స్పీకర్లోకి దింపాలని ఆయన తపన. కాలేజీ కుర్రాళ్ళని కూచోబెట్టి ప్రయత్నించేవాడు. తెర మీద కళ్ళాపి జల్లిన వాకిలిలాంటిది కనిపించేది. వాళ్ళు ఏ సినిమానీ ఫోన్ చూసుకోకుండా చూసినవాళ్ళు కాదు మరి.

దల్బిత్ మూతబడిన రెండో నెలలో ఒక మంగళవారం కుర్రాళ్ళెవరూ రాలేదు. యంత్రం సరిచూడటానికి నీలవేణే టోపీ పెట్టుకుంది.

"ఏదైనా బాగా ఇష్టపడి చూసినది తలుచుకోండి" అన్నాడు డాక్టరు.

ఆమె కళ్ళు మూసుకుని 'ఉప్పుగాలి వీధి' ఏడో ఎపిసోడ్ తలుచుకుంది. రేవులో వాన, యోన్ హీ ఎర్ర గొడుగు.

ఏదో విరిగిన చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి డాక్టరు చేతిలో బిస్కెట్ల ప్లేటు లేదు. తెర మీద వాన కురుస్తోంది. ఒక్కో చినుకూ లెక్కపెట్టుకోవచ్చు. కింద అనువాదం అక్షరాలు కూడా పడుతున్నాయి.

"ఎవరండీ ఆ అమ్మాయి?" అన్నాడాయన.

"యోన్ హీ సార్."

"మీ బంధువా?"

"అంతకంటే ఎక్కువే సార్."

ఎపిసోడ్ మొత్తం దిగింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఏడో ఎపిసోడ్‌లో ఏముందో నీలవేణికి గుర్తు లేదు. ఆరు గుర్తుంది, ఎనిమిది గుర్తుంది. ఏడు ఉండాల్సినచోట పన్ను ఊడిన చిగురులాగా ఖాళీ.

డాక్టరు ముఖం వాడిపోయింది. ఒక రోజంతా లెక్కలు చూసుకుని వచ్చి చెప్పాడు. "జ్ఞాపకం నెయ్యిలాంటిదండీ. తలుచుకున్నప్పుడల్లా కరిగి మళ్ళీ పేరుకుంటుంది. మనం కరిగి ఉన్నప్పుడే గిన్నె వంచేస్తున్నాం. ఇక పేరుకోవడానికి అక్కడేమీ మిగలదు. ఇది ప్రమాదం. ఆపేద్దాం."

ఆ సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తూ నీలవేణి ఈ మాట స్నేహితురాళ్ళకి చెప్పింది. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఇద్దరూ పరిశోధన కేంద్రం గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, చూసినది శాశ్వతంగా మర్చిపోతారు" అన్నాడు డాక్టరు.

"అంటే మళ్ళీ మొదటిసారి చూసినట్టు చూడొచ్చన్నమాట" అంది నరసమ్మగారు.

"జ్ఞాపకం పోతుందని చెప్తున్నానండీ!"

"వినిపించింది బాబూ, చెవుడు లేదు. మొదటిది నాదే. ఎక్కడ కూచోమంటావు?"

డాక్టరు గట్టి షరతులే పెట్టాడు. వారానికి ఇద్దరికి మించి వద్దు. ముందు ఏం పోతుందో చదివి వినిపించాలి, సంతకం పెట్టాలి. దిగిన బొమ్మ ఇచ్చినవాళ్ళ సొంతం, వాళ్ళని అడక్కుండా అందులో ఒక్క ముక్క కత్తిరించకూడదు. పాపం ఆయన పరిశోధన కోసమని ప్రతి ఎపిసోడూ దగ్గరుండి చూసేవాడు. నాలుగోదానికల్లా ఐదోది ఎప్పుడని అడగడం మొదలుపెట్టాడు.

ఏ ఎపిసోడ్ ఎవరిదో చూడగానే తెలిసిపోయేది. నరసమ్మగారి వాటిలో కింద అక్షరాలే స్పష్టంగా ఉండేవి. తప్పులున్నచోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉండేది. మైథిలి వాటిలో చొక్కాల కుట్టు కూడా కనిపించేది గానీ, తే సాన్ ముఖం వాళ్ళ బ్యాంకుకి కొత్తగా వచ్చిన మేనేజరుదిలా ఉండేది. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. మైథిలి మాత్రం మళ్ళీ తన వంతు వచ్చినప్పుడు తే సాన్ లేని ఎపిసోడ్ ఇస్తానంది.

పన్నెండో ఎపిసోడ్ ఇచ్చిన మర్నాడు నరసమ్మగారికి బీరువా తాళం కనపడలేదు. ఇల్లంతా బోర్లించి వెతికారు. చివరికి నీలవేణికి అనుమానమొచ్చి పన్నెండో ఎపిసోడ్ పెట్టి చూసింది. సీరియల్ మధ్యలో చూపు పక్కకి తిరిగి, టీచరుగారి చెయ్యి తాళాన్ని బియ్యం డబ్బాలో వేయడం తెర మీద కనిపించింది. సీరియల్‌తోపాటు అది చూసిన పూటంతా దిగిపోతోందని అప్పుడర్థమైంది. ఇది తెలిశాక డాక్టరు కాగితంలో ఇంకో వాక్యం చేర్చాడు. "ఆ పూట మీద ఆనుకుని తర్వాత అనుకున్నవీ, బాధపడ్డవీ కూడా పట్టు తప్పుతాయి. కొక్కెం తీసేస్తే చొక్కా కిందపడ్డట్టు" అని నీలవేణికి వివరించాడు.

మూడు నెలల్లో పంతొమ్మిదీ పోగయ్యాయి. ఇక ఇరవయ్యోది కావాలి.

*

నీలవేణి ఒక ఆదివారం కాంతామణి తలుపు కొట్టింది. విషయం చెప్పింది. కాంతామణి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"మిగతావన్నీ మీ దగ్గరున్నాయి. నా దగ్గరున్నది అదొక్కటే. అదీ పట్టుకుపోతే నేనేం చేసుకోను?" అని తలుపేసుకుంది.

పది రోజుల తర్వాత ఒక ఉదయం ఆవిడే వచ్చింది. గంజి పెట్టిన చీర కట్టుకుని, రెండు బస్సులు మారి, కొండెక్కి వచ్చింది.

"ఐదు నెలల నుంచీ మాట్లాడటానికి మనిషి లేక గోడకి కొరియా భాష చెప్తున్నానే నీలా. గోడకి బాగానే వచ్చింది. నాకే విసుగొచ్చింది. ఎక్కడ సంతకం పెట్టాలి?"

నీలవేణి కాగితం చదివింది. "ఆ ఎపిసోడ్‌తోపాటు ఆ సాయంత్రం జరిగిందంతా పోతుందక్కా. దాని తాలూకు కోపం కూడా."

"ఏం జరిగిందో నీకు తెలుసుగా?"

"తెలుసు."

"నాకు పోయినా మీకు గుర్తుంటుందిగా. చాల్లే" అని కాంతామణి సంతకం పెట్టింది.

నీలవేణి టోపీ బిగించింది. సిగ్గుతో పాటు ఒక తేలిక కూడా కలిగింది ఆమెకి. ఆ మెసేజ్ ఈవిడ వినే ఉంటే, ఇంకో గంటలో విననట్టే అవుతుంది. ఆ తేలికకి ఇంకా సిగ్గుపడింది.

గంటా పది నిమిషాల తర్వాత కాంతామణి కళ్ళు తెరిచి నలుదిక్కులా చూసింది. ఆవిడ నుదుటి మీద ఐదు నెలలుగా ఉన్న ముడత లేదు.

"అయిందా? నీలా, ఏమిటే అలా చిక్కిపోయావు? మనం మాట్లాడుకోవడం మానేసి ఎన్నాళ్ళైంది! ఎందుకు మానేశామే?"

చెప్పడానికి అదే సమయం. నీలవేణి నోరు తెరిచింది. "శనివారం చూద్దువుగాని అక్కా" అని మూసేసింది.

"అయితే శనివారం ఐదింటికి అందరూ మా ఇంటికే రండి. ఆఖరి ఎపిసోడ్ కలిసి చూడకపోతే ఎలా!" అని కాంతామణి హుషారుగా కొండ దిగిపోయింది.

*

దిగిన బొమ్మ సరిగ్గా ఉందో లేదో చూడటం నీలవేణి పని. ఆ మధ్యాహ్నం డాక్టరూ ఆమే కూచుని చూశారు.

మొదట కాంతామణి హాలు కనిపించింది. బల్ల మీద నాలుగు ప్లేట్లు, నాలుగు గ్లాసులు. సీరియల్ మొదలైంది. రెండు నిమిషాలకోసారి చూపు టీవీ మీంచి తలుపు మీదికి మళ్ళేది. లిఫ్టు చప్పుడైతే చాలు, తెరంతా తలుపే. కాసేపటికి చెయ్యి ఫోన్ తీసింది. వేలు నొక్కింది. గదిలో నీలవేణి గొంతు వినిపించింది.

"మైథిలీ, నువ్వు మళ్ళీ జాలిపడి వెళ్ళకు. ఆవిడకేం, ఒక్కతే కూచోడం అలవాటేగా. ఎవరున్నారని ఆవిడకి!"

డాక్టరు కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. "మీ గొంతండీ" అన్నాడు.

"నాదే సార్."

తెర మీద చేతులు మూడు ప్లేట్లు తీసి వంటింట్లో పెట్టాయి. మళ్ళీ వచ్చి ఒళ్ళో చేరాయి. యోన్ హీ రేవుగట్టు మీద నడుస్తోంది. ఆ చివర తే సాన్, ఈ చివర రొట్టెలవాడు. ఆమె ఆగింది. ఊపిరి తీసుకుంది. అప్పుడు లిఫ్టు చప్పుడైంది.

చూపు తలుపు మీదికి పోయింది. అంత మాట విన్నాక కూడా పోయింది. లిఫ్టు ఆగింది, అడుగులు దగ్గరయ్యాయి, పైకెక్కి వెళ్ళిపోయాయి. అయినా చూపు తిరగలేదు. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు, చెక్క తలుపూ దాని గొళ్ళెమూ. వెనక నుంచి అలల హోరు, వయొలిన్. చూపు మళ్ళీ టీవీ మీదికొచ్చేసరికి పేర్లు పడుతున్నాయి.

"మరి పెళ్ళి ఎవరితో?" అన్నాడు డాక్టరు కుర్చీలోంచి సగం లేచి.

నీలవేణి తెర కట్టేసింది. ఇన్నాళ్ళూ "చూశాను, చెప్పను" అన్న మనిషి కూడా చూడలేదు. చూడకపోవడానికి కారణం కాంతామణి కాదు.

*

శుక్రవారం పొద్దున్నే మైథిలి ఇంట్లో ముగ్గురూ సమావేశమయ్యారు. నీలవేణి దాచకుండా అంతా చెప్పింది, మెసేజ్‌తో సహా. మైథిలి కాసేపు చీరకొంగు నలుపుకుంది.

"ఆవిడ మర్చిపోయింది కదే. హాయిగా ఉంది. మళ్ళీ ఎందుకు గుర్తుచేయడం? ఆ తలుపూ, ఆ మాటా తీసేసి మిగతాది అతికించు. నీకు పది నిమిషాల పని."

"అడక్కుండా తీయకూడదని కాగితం మీద ఉంది" అంది నీలవేణి.

"మంచికే కదా?"

"ఎవరి మంచికి?" అంది నరసమ్మగారు. "పిల్లలు తప్పులెక్క పలక మీద ఉమ్మేసి తుడిచేసేవారు. తుడిస్తే ఒప్పైపోదమ్మా."

మధ్యాహ్నం కేంద్రంలో ఎవరూ లేనప్పుడు నీలవేణి ఆ ముక్క తెరిచి కూచుంది. తన గొంతు పదకొండు సెకన్లు. ఒక్క మీట నొక్కితే ప్రపంచంలో ఎక్కడా ఉండదు. ఒకసారి తుడిచింది గదా, అప్పుడూ ఎక్కడా ఉండదనే అనుకుంది. ఐదు నెలలు ఒక మనిషి మనసులో ఉంది. ఇప్పుడది తన మనసులో ఉంది. తననుంచి ఏ టోపీ పెట్టి తీయడం? కంప్యూటరు కట్టేసి, మొత్తం ఎపిసోడ్ ఉన్న పెన్‌డ్రైవ్ సంచిలో వేసుకుని ఇంటికెళ్ళింది.

శనివారం ఐదింటికి ఐదుగురూ కాంతామణి ఇంట్లో కూచున్నారు. డాక్టరు పట్నాయక్ కూడా వచ్చాడు, పరిశోధన కోసమన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాంతామణి క్యాబేజీతో కొరియా పచ్చడి పెట్టి, అందరికీ వడ్డించి, ముందు వరసలో కూచుంది.

"అరె, మన హాలే!" అని మురిసిపోయింది బొమ్మ రాగానే. "నాలుగు ప్లేట్లు పెట్టానే. మీరేరి?"

లిఫ్టు చప్పుడుకి తలుపు కనిపించినప్పుడల్లా ఆవిడ మాటలు తగ్గాయి. ఫోన్‌లోంచి గొంతు వచ్చింది. విని, ఆవిడ కదలకుండా చూస్తూనే ఉంది. మూడు ప్లేట్లు వంటింట్లోకి వెళ్ళాయి. రేవుగట్టు వచ్చింది. లిఫ్టు. తలుపు. తలుపు. తలుపు. పేర్లు.

నీలవేణి లేచి నిలబడింది. "అక్కా, తప్పు నాదే. వాళ్ళని ఆపింది నేనే. ఆ మాట..."

"తప్పని నువ్వెవరే చెప్పడానికి? అది నేను చెప్పాలి. కూచో!"

నీలవేణి కూచుంది.

"అంత మాట విని కూడా తలుపు వంక చూశానా నేను? నాకు సిగ్గు లేదూ? ఇదా నేను ఐదు నెలలు దాచుకున్నది! ఏం చూశానని అంత గీర పోయాను! దేన్ని చూసుకుని చేగోడీలు తిన్నాను!" అంది కాంతామణి. ప్లేటు పక్కన పెట్టి మొదలుపెట్టింది.

కొత్త కోపం. ఐదు నెలలు మురిగిన పాత కోపంలా మౌనంగా లేదు. ఇప్పుడే పొయ్యి మీంచి దింపినట్టుంది. వస్తానని రానివాళ్ళని తిట్టింది. ఒకరు వద్దంటే మానేసే ఇద్దరినీ తిట్టింది. ఒంటరితనం అలవాటవుతుందని ఎవరు చెప్పారని అడిగింది. ఏడెనిమిదేళ్ళు పోర్టులో మూడు వందలమంది మగవాళ్ళ మధ్య ఒక్కతే ఆడది కూచుని పనిచేసినప్పుడు కూడా అలవాటు కాలేదంది. నీలవేణి తలెత్తలేదు. మైథిలి ముక్కు చీదింది. డాక్టరు బాల్కనీలోకెళ్ళి కుండీలోని తులసిని ఎంతో శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు.

గంట గడిచింది. కాంతామణి నీళ్ళు తాగి, ఆయాసం తీర్చుకుని, ఉన్నట్టుండి మెత్తబడింది.

"ఓడవాడని నేనూ అన్నాను. అది గుర్తుంది. అది పంతొమ్మిదో ఎపిసోడ్ కదా, ఇంకా నా బుర్రలోనే ఉంది. నీ మొగుణ్ణి అనలేదే నేను. అయినా అనకూడదు."

"ఆయన ఓడకే మొగుడక్కా. నువ్వన్నది నిజమే కాబట్టే అంత కోపమొచ్చింది" అంది నీలవేణి. అని ఏడ్చేసింది.

తులసిని వదిలి డాక్టరు గుమ్మంలోకొచ్చాడు. తటపటాయించాడు. "ఇంతకీ ఆ అమ్మాయి... నా ఉద్దేశం, రొట్టెలవాడినే చేసుకుని ఉంటుందండీ."

"ఎలా చెప్తారు?" అని మైథిలి కన్నీళ్ళు తుడుచుకుంటూనే తగువుకి లేచింది. "డాక్టరు కోసమే ఆమె ఆగింది! వయొలిన్ వినలేదా? ఆ రాగం తే సాన్‌ది!"

"అలలు కుడివైపు నుంచి వినిపించాయి. రొట్టెలవాడు నిలబడింది ఆ వైపే" అన్నాడు డాక్టరు. నోటుబుక్కులో గీసి కూడా చూపించాడు.

"ముప్పై ఏడో ముగింపు మనమే రాసుకోవచ్చు లెండి" అని నరసమ్మగారు పచ్చడి మరికాస్త వేసుకుంది.

అందరూ వెళ్తున్నప్పుడు నీలవేణి గుమ్మం దగ్గర ఆగింది. "అక్కా, కావాలంటే... సోమవారం యంత్రంలో ఇవాళ్టిది కూడా తీసేయొచ్చు. మళ్ళీ హాయిగా ఉంటుంది నీకు."

"ఎందుకే? పోయినసారి ఒక్కదాన్నే పడ్డాను. ఈసారి పడటానికి నువ్వున్నావు. నేనింకా సగం కూడా తిట్టలేదు. రేపు ఐదింటికి రా."

నీలవేణి ఆదివారం వెళ్ళింది. సోమవారం, మంగళవారం డ్యూటీ దిగి నేరుగా వెళ్ళింది. బుధవారం కాంతామణి తలుపు తీసి, గొళ్ళెం పట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

"ఇవాళ తిట్టడానికి ఏమీ తోచట్లేదే" అంది.

"పర్లేదక్కా. తోచేదాకా కూచుంటాను" అని నీలవేణి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.